బెంజి లారీ, ఒక రబ్బరు కప్పు

నేను 28 ఏళ్ళు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. అందులో సగానికి పైగా బ్రేకుల పనే. రాత్రి వచ్చిన బస్సు డ్రమ్ము విప్పి, లైనర్లు చూసి, అరిగితే మార్చి, తెల్లారేసరికి రోడ్డెక్కించాలి. ఈ సంగతి ముందే చెప్పుకుంటున్నాను. లేకపోతే కింద రాసేదంతా తెలియనివాడు తెలియక చేసిన తప్పనుకుంటారు. నాకు తెలుసు. తెలిసే చేశాను.

మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా నాయిన మొదట లారీ డ్రైవరు, తర్వాత లారీ ఓనరు. ఆయన కొన్నది 1974 మోడల్ టాటా 1210. టెల్కో వాళ్ళు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. బండి ముక్కు మీది మూడు కొమ్ముల నక్షత్రం కూడా దాంతోనే పోయింది. మా బండికి ఆ నక్షత్రం ఏనాడూ లేదు. అయినా మా నాయిన చనిపోయేదాకా దాన్ని 'బెంజి లారీ' అనే పిలిచాడు.

ఆ బండ్ల పేర్లలోనే లెక్క ఉండేది. 1210 అంటే సరుకుతో కలిపి మొత్తం బరువు 12 టన్నులు, బలం 100 హార్స్‌పవర్ దరిదాపు. దాంట్లోని 692 ఇంజన్ అంటే 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు. కంపెనీ నుంచి ఛాసీ, ఇంజన్, ముందు ముక్కు మాత్రమే వచ్చేవి. క్యాబిన్, బాడీ మనమే కట్టించుకోవాలి. మా నాయిన విజయవాడ ఆటోనగర్‌లో నెలన్నర ఉండి, టేకు పలకలతో దగ్గరుండి కట్టించాడు.

ఆ బండి మిర్యాలగూడ మిల్లుల బియ్యం మోసింది, నల్లగొండ బత్తాయిలు మోసింది. అన్నిటికంటే నాకు గుర్తున్నది పాలమూరు లేబర్ ట్రిప్పులు. మక్తల్, నారాయణపేట పల్లెల్లో గుంపు మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి జనాన్ని పోగు చేసేవాళ్ళు. ఎక్కడో పరాయి రాష్ట్రంలో డ్యామో, కాలువో తవ్వేందుకు ఇంటిల్లిపాదీ లారీ ఎక్కేవాళ్ళు. గంపలు, సత్తు గిన్నెలు, జొన్నల మూట, కోళ్ళు కూడా. టార్పాలిన్ తాడు కట్టడానికి బాడీ పలకలకు ఇనుప కొండీలుంటాయి. చంటిపిల్లల తల్లులు ఎదురెదురు కొండీలకు చీర కట్టి ఊయల వేసేవాళ్ళు. డ్రైవరు వైపు మూడో కొండీ అట్లా చీరలు రాసుకుని రాసుకుని, ఇనుమే అయినా వేలికి నున్నగా తగిలేంత అరిగింది. అది ఇప్పటికీ అట్లాగే ఉంది.

2004లో మా నాయినకు చూపు మందగించింది. బండిని ఇంటి వెనక చింతచెట్టు కింద పెట్టేశాడు. 2017లో ఆయన పోయాడు. ఇనుప సామాను కొనేవాడు వచ్చి కిలో లెక్కన అడిగాడు. మా అమ్మ గడప దిగి, "ఈ ఇల్లు ఎవరు కట్టిచ్చిన్రో ఎరికెనా నీకు? గా బండి కట్టిచ్చింది. పో" అంది. వాడు మళ్ళీ రాలేదు.

రిటైరయ్యాక 2021లో పీఎఫ్ డబ్బు చేతికి తీసుకుని బండి మీద చేయి వేశాను. అమ్మకు ఒక కోరిక ఉండేది. మా నాయిన ఏటా కార్తీకంలో ఆ లారీ మీదే పాలమూరు కురుమూర్తి జాతరకు తీసుకుపోయేవాడు. "ఒక్కసారి మళ్ల గా బండి మీదనే పోవాలె రా" అనేది.

మొదట కాగితాలు చూసుకున్నాను. ఆ ఏడాదే కేంద్రం 50 ఏళ్ళు దాటిన పాత బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. సంబరపడి చదివితే అది మోటారు సైకిళ్ళకు, కార్లకేనట. లారీకి ఆ మర్యాద లేదు. లారీ ఎంత ముసలిదైనా సరుకు రవాణా బండే. ఏటేటా ఫిట్‌నెస్ చూపించుకోవాలి. పైగా 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన భారీ బండ్ల ఫిట్‌నెస్ ఫీజు 12,500 రూపాయలకు పెరిగింది. సరే, కట్టుకుందాం అనుకున్నాను.

ఇంజన్ పని నేననుకున్నంత కష్టపెట్టలేదు. లైనర్లు, పిస్టన్లు మార్చాం. పంపు కాలిబ్రేషన్ చేయించాం, నోజుల్స్ కొత్తవి వేశాం. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టాం. పదిహేడేళ్ళు పడుకున్న ఇంజన్ ఒక సాయంత్రం నల్లటి పొగ కక్కి లేచినప్పుడు అమ్మ కొబ్బరికాయ కొట్టింది. నాతోపాటు ఆ పని మొత్తం మీద ఉన్నది మా చెల్లె కొడుకు. ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నాడు. "మామా, దీన్ని హైవే ఎక్కిద్దాం" అని రోజూ నస పెట్టేవాడు.

ఎక్కించాం. అక్కడే అసలు సంగతి తెలిసింది. మా నాయిన నడిపిన 9 నంబరు హైవే వేరు. రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగేది. 40, 45 మీద పోతే అదే వేగం. ఇప్పుడది 65వ నంబరు, నాలుగు లైన్లు. మేము 45 మీద ఎడమ అంచున పోతుంటే వెనక నుంచి కంటైనర్ల హారన్లు వీపు మీద గుద్దినట్టు వచ్చాయి. కార్లు చివరి క్షణంలో తప్పుకుని పోయాయి. అంత వేగంగా పోయేవాళ్ళ మధ్య మెల్లగా పోవడం కూడా ప్రమాదమేనని ఆ రోజు అర్థమైంది.

నేను బండికి వేగం పెంచే పనిలో పడ్డాను. వెనక యాక్సిల్ పాత హౌసింగు విప్పితే పినియన్‌కు 6 పళ్ళు, క్రౌన్‌కు 41. అంటే టాప్ గేరులో ఇంజన్ దాదాపు 7 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లెక్కన 60 మీద పోవాలంటే ఇంజన్ నిమిషానికి 2200 చుట్లు తిరగాలి. ఆ హోరుకు క్యాబిన్‌లో పక్కవాడి మాట వినపడదు. ఆటోనగర్‌లో వెతికి 6, 37 పళ్ళ జత తెచ్చి వేశాను. అదే 60కి ఇప్పుడు 2000 చుట్లు చాలు. బండి హాయిగా పోతోంది. సూర్యాపేటలో రంగు వేయించాం. ముక్కు మీద అల్లుడు మా నాయిన పేరు రాయించాడు.

ఇక బ్రేకులు. ఆ కాలపు బండిది ఆయిల్ బ్రేకు, గాలి సాయం ఉంటుంది. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి ఆయిల్ ఒకే లైనులో నాలుగు మూలలకూ పోతుంది. ఒక్క చక్రం దగ్గర కారితే చాలు, నాలుగిటికీ పోతుంది. నాకిది కొత్త సంగతి కాదు. వీల్ సిలిండర్లు విప్పితే లోపల తుప్పు గుంటలున్నాయి. కొత్త సిలిండర్లు దొరకడం కష్టమైంది, దొరికినవి ఖరీదు. అప్పటికే రంగుకు, క్రౌన్‌కు చాలా పోసేశాను. ఎమరీ కాగితం పెట్టి రుద్ది, రబ్బరు కప్పులు కొత్తవి వేసి, గాలి తీసి, ఇంటి ముందు నాలుగుసార్లు తొక్కి చూశాను. ఆగింది. డిపోలో ఏ కుర్రవాడైనా అట్లా చేస్తే నేను స్పానర్ విసిరి కొట్టేవాణ్ణి.

ఒక్క మాట చెప్పాలి. వేగం 40 నుంచి 60కి పెరిగితే సగమే పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ ఆపాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది. మా నాయిన 40 మీద నడిపిన బ్రేకుల మీద నేను 60 మోపాను.

2023 జనవరి, సంక్రాంతి దాటిన వారం. బరువుంటేగాని బండి గుణం తెలియదని మా చెల్కలోని రాళ్ళు ఐదు టన్నులదాకా ఎత్తాం. తెల్లవారుజామున నకిరేకల్ నుంచి సూర్యాపేట వైపు బయల్దేరాం. నేను స్టీరింగు మీద, అల్లుడు పక్కన. పొగమంచు పల్చగా ఉంది. కొర్లపహాడ్ టోల్ దగ్గర పడుతుండగా ముందు ఎర్రలైట్లు కనిపించాయి. లైనులో చివరన ఒక ఆర్టీసీ బస్సు ఆగి ఉంది. నూటయాభై గజాల దూరం ఉంటుంది.

బ్రేకు తొక్కాను. సగం దాకా పట్టినట్టే పట్టి, తర్వాత పెడలు మెత్తగా దిగిపోయింది. మళ్ళీ తొక్కాను. పలకకు తగిలింది. కాలి కింద ఏమీ లేదు.

60 మీద బండి సెకనుకు 16 మీటర్ల పైనే పోతుంది. నేను అనుకున్నవన్నీ ఇప్పుడు వరసగా రాస్తున్నాను గానీ, అప్పుడు వరస లేదు. హారన్ మీద చేయి పెట్టాను. టాప్ నుంచి ఫోర్త్‌కు లాగాను, ఇంజన్ అరిచింది. థర్డ్‌కు లాగితే పళ్ళు కరకరమన్నాయి, పడలేదు. మళ్ళీ క్లచ్ తొక్కి రేసు ఇచ్చి లాగితే పడింది. "హ్యాండ్ బ్రేక్ గుంజు!" అని అరిచాను. అల్లుడు రెండు చేతులతో గుంజాడు. వేగం తగ్గుతోంది కానీ బస్సు దగ్గరవుతోంది. దాని వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్ గుండు కనపడింది. కొన్ని వందల రాత్రులు నేను వెల్లకిలా పడుకుని చూసిన చోటు అది. బస్సులో జనం నిద్రపోతుంటారు అనుకున్నాను. అది ఒక్కటి మాత్రం స్పష్టంగా అనుకున్నాను.

ఎడమకు తిప్పాను. పవర్ స్టీరింగు లేదు, ఐదు టన్నుల బరువు. ఒళ్ళంతా స్టీరింగు మీద వేలాడితే తిరిగింది. రోడ్డు అంచు దాటి మట్టిలోకి దిగి, పని కోసం పోసిన మొరం కుప్పలోకి ముక్కు దూరి ఆగాం. ఆగిన మరుక్షణం వెనక రాళ్ళు ముందుకు వచ్చాయి. మా నాయిన కట్టించిన టేకు పలక విరిగి, ఒక రాయి అల్లుడి భుజం మీద పడింది. నా రొమ్ము స్టీరింగుకు కొట్టుకుంది. ఊపిరి అందలేదు. ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. చాలాసేపు దాన్ని ఆపాలని కూడా తోచలేదు.

బస్సుకు మేము ఆగిన చోటుకు ఇరవై అడుగులు. బస్సు డ్రైవరు దిగి ఉరికొచ్చాడు. నా ముఖం చూసి, "అన్నా, నువ్వు డిపోల ఉంటివి కదనే?" అన్నాడు. నాకు మాట రాలేదు. 108 వచ్చింది. అల్లుడికి కుడి భుజం ఎముక రెండు చోట్ల విరిగింది. నాకు రెండు పక్కటెముకలు.

ఆస్పత్రి గదిలోకి చెల్లె వచ్చింది. ఏడవలేదు. "నాయిన బండి నీకు కావాలె అన్నా. నా కొడుకు నాకు కావాలె" అంది. అంతే. ఆ తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు.

పక్కటెముకలు కాస్త కుదిరాక బండి ఇంటికి లాక్కొచ్చి, వెనక ఎడమ డ్రమ్ము నేనే విప్పాను. లైనర్లు ఆయిల్‌తో తడిసి నల్లగా మెరుస్తున్నాయి. సిలిండర్ తీసి వెలుగులో పట్టి చూశాను. గోడకు సగం గింజంత లోతు గుంట. రబ్బరు కప్పు అంచు ఆ గుంట దగ్గర చిట్లి, లోపలికి మడత పడింది. గట్టిగా తొక్కేసరికి ఆయిలంతా అందులోంచే పోయింది. ఆ కప్పు రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మేస్త్రీ మోసం చేశాడనడానికి లేదు, సామాను నకిలీదనడానికి లేదు. ఎమరీ రుద్దింది నా చెయ్యే.

బండి అమ్మేద్దామనుకున్నాను. అమ్మ వద్దని అనలేదు, కానివ్వమని కూడా అనలేదు. చివరికి అల్లుడే కట్టు విప్పిన చేతితో షెడ్డు దగ్గరికొచ్చి నిలబడి, "ఈసారి ముందు బ్రేకులు చేద్దాం మామా" అన్నాడు.

అట్లా పని తిరగేసి మొదలుపెట్టాం. తుక్కుకు పోతున్న టాటా 1613 ముందు, వెనక యాక్సిళ్ళు కొన్నాం. అందులో ఉన్నది పూర్తి గాలి బ్రేకు. ఇనుము మాత్రమే పాతది తీసుకున్నాం. డయాఫ్రంలు, హోసులు, లైనర్లు, స్లాక్ అడ్జస్టర్లు, పైపులు అన్నీ కొత్తవి. కంప్రెసర్ పెద్దది పెట్టాం. గాలి ట్యాంకులు రెండు, ముందు చక్రాలకు ఒక లైను, వెనక చక్రాలకు ఒక లైను. ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. వెనక చక్రాలకు స్ప్రింగు బ్రేకు. దీని గుణమేమిటంటే, గాలి నిండితేనే బండి కదులుతుంది. గాలి మొత్తం పోతే స్ప్రింగే చక్రాన్ని పట్టేస్తుంది. పాత బ్రేకు చెడితే బండి వదిలేసేది, ఇది చెడితే పట్టుకుంటుంది. గాలి తగ్గితే క్యాబిన్‌లో బజర్ మోగుతుంది.

ఇంజన్ నంబరు, ఛాసీ నంబరు, చక్రాల మధ్య దూరం ఏవీ ముట్టలేదు. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. యాక్సిళ్ళు 16 టన్నుల బండివే అయినా బరువు మాత్రం 12 టన్నుల మీద ఒక్క కిలో పెంచలేదు.

పవర్ స్టీరింగు పెట్టాం. కింగ్ పిన్నులు, బుష్షులు మార్చాం. పైకి బాగానే ఉన్నాయి కదా అని మొదటిసారి వదిలేసిన పాత టైర్లు తీసేసి ఆరూ కొత్తవి వేశాం. క్యాబిన్ వెనక టేకు పలకకు అవతల మందపాటి ఇనుప రేకు, దానికి అడ్డంగా రెండు ఛానెళ్ళు వెల్డింగ్ చేయించాను. సీటు బెల్టులు పెట్టాను. వెనక నుంచి ఏ కారో బైకో వచ్చి బాడీ కిందికి దూరకుండా గార్డు కట్టించాను. ముందు తెల్లది, వెనక ఎర్రది రిఫ్లెక్టర్ టేపు చుట్టించాను. పంపు గవర్నర్ స్క్రూ నేనే బిగించి సీలు వేశాను. ఎంత తొక్కినా 60 దాటదు. చట్టం 80 దాకా పోనిస్తుంది, నేనే పోనియ్యను.

మొదటిసారి ఇంజన్‌తో మొదలుపెట్టి, రంగు కూడా అయ్యాకే బ్రేకుల దగ్గరికి వచ్చాను. ఈసారి రంగుకు డబ్బు మిగల్లేదు. విరిగిన ముక్కు మీద నాయిన పేరులో రెండక్షరాలు గీరుకుపోయాయి, అట్లాగే ఉంచాం.

ఊరి బయట రోడ్డు మీద సున్నం గీత గీసి, అదే రాళ్ళ బరువుతో పరీక్ష పెట్టాం. 30 మీద బ్రేకు కొడితే 13 మీటర్లలో ఆగాలన్నది ఫిట్‌నెస్ లెక్క. ముందు ఖాళీ బండి, తర్వాత రెండు టన్నులు, తర్వాత ఐదు. అల్లుడు టేపు పట్టి కొలిచి, నోటుబుక్కులో ఒక్కోటి రాశాడు. పది రోజులు అదే పని. వేడెక్కిన డ్రమ్ము మీద ఒకసారి, చల్లారాక ఒకసారి, తడి రోడ్డు మీద ఒకసారి. ఊళ్ళో పిల్లలకు అదొక ఆట అయింది. పదో రోజు చెల్లె వచ్చి రోడ్డు పక్కన కూర్చుని చూసింది. ఏమీ అనలేదు. పోయేటప్పుడు మజ్జిగ చెంబు అక్కడ పెట్టి పోయింది.

ఆ ఏడాది కార్తీకంలో అమ్మను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. వెనక బాడీ ఖాళీ. జనాన్ని ఎక్కించే రోజులు పోయాయి, పోవడమే మంచిది. నల్లగొండ, కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర. అమ్మ దారి పొడుగునా ఏ చింతచెట్టు కింద వండుకున్నారో, ఏ బావి దగ్గర రేడియేటర్‌కు నీళ్ళు పోశారో చెబుతూనే ఉంది. ఆ చెట్లలో చాలావాటి స్థానంలో పెట్రోలు బంకులున్నాయి. కురుమూర్తిలో స్వామి పాదుకలు ఉద్దాల ఊరేగింపు చూసి, ఉద్దాలకు తల ఆనించి వచ్చింది. గుట్ట కింద లారీ చుట్టూ తిరిగి, మూడో కొండీ మీద వేలు పెట్టి రాసి చూసుకుంది.

వచ్చేటప్పుడు కొత్తకోట దగ్గర 44వ నంబరు హైవే ఎక్కాం. మా నాయిన కాలపు 7వ నంబరు. బండి 55, 60 మీద ఎడమ లైనులో నిమ్మళంగా పోతోంది. హారన్లు కొట్టేవాళ్ళు కొడుతూనే ఉన్నారు. శాఖాపూర్ టోల్ దగ్గర ముందు ఎర్రలైట్లు వెలిగాయి. చాలా ముందునుంచే తొక్కాను. గాలి బుస్సుమంది. బండి వంగి, తగ్గి, ముందున్న ట్యాంకరుకు రెండు బండ్ల ఎడం ఉండగానే ఆగింది.

పక్కకు చూశాను. అల్లుడి కుడి చేయి భుజం కంటే పైకి లేవదు, ఇప్పటికీ. ఆ చేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం మామూలుగానే ఉంది, అమ్మతో ఏదో మాట్లాడుతున్నాడు కూడా. కానీ వాడి కుడికాలు క్యాబిన్ నేల మీద బిగదీసుకుని ఉంది, మడమ లేచి, వేళ్ళు రేకుకు నొక్కుకుని.

అక్కడ పెడలు లేదు. బండి ఆగిన తర్వాత కూడా చాలాసేపు వాడు ఆ కాలు తియ్యలేదు.